ఈ సారుకు పెట్టాల్నా?

మా ఇంట్లో పగ పొలంతో పాటు వారసత్వంగా వస్తుంది. కాలవ నీళ్ళ వంతు దగ్గర తగాదా వచ్చి మా నాన్న పక్క పొలం ఆయనతో మాట మానేశాడు. ఆయన పోయినప్పుడు కూడా గుమ్మం దిగలేదు. "పోయినవాడి మీద కోపమేంటండీ" అని మా అమ్మ అంటే, "పోయింది వాడు. కోపం నాది. అదెందుకు పోతుందే?" అన్నాడు. నేను ఆ నాన్న కూతుర్ని. తుంగభద్ర కాలవ నీళ్ళ కోసం కోస్తా నుంచి రాయచూరు జిల్లాకు వచ్చి క్యాంపు వేసుకున్న కుటుంబాల్లో మాదొకటి. ఇది ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే నేను చేసే ఉద్యోగం గురించి వినగానే అందరూ నన్ను భూదేవంత ఓర్పు ఉన్న మనిషి అనుకుంటారు.

మేధో వైకల్యం ఉన్నవాళ్ళకు పని వెతికిపెట్టడం, ఆ పనిలో కుదురుకునేదాకా వాళ్ళ పక్కన ఉండటం నా ఉద్యోగం. విడిగా ఒక షెడ్డులో కూర్చోబెట్టి కాగితం సంచులు చేయించడం కాదు. ఊళ్ళో నలుగురూ చేసే పని, నలుగురి మధ్య చేసే పని. ముందు నేనే వెళ్ళి ఆ పని చేసి చూస్తాను. తర్వాత ఇద్దరం కలిసి చేస్తాం. తర్వాత నేను ఒక్కొక్క అడుగే వెనక్కి జరుగుతాను. మొదట పక్క బల్ల దగ్గరికి, తర్వాత గుమ్మం దగ్గరికి, ఆ తర్వాత వీధిలోకి. నేను లేకపోయినా పని నడిస్తేనే నా పని అయినట్టు.

ఈ కథలో ఆవిడ నన్ను అక్కా అని పిలుస్తుంది కాబట్టి నేనూ చెల్లెలనే రాస్తాను. ముప్ఫై దాటిన మనిషి. తెలంగాణ సరిహద్దు పల్లె నుంచి వరి నాట్లకు వచ్చి తుర్విహాళలో నిలిచిపోయిన కుటుంబం. తండ్రి లేడు. తల్లి పొద్దున్నే నాట్లకో కలుపుకో పోతూ, కూతుర్ని ఇంట్లో ఉంచి బయట తాళం వేసేది. తల్లిది చెడ్డ మనసు కాదు. ఇంటి వెనకే కాలవ, దానికి గట్టు తప్ప అడ్డు లేదు. ఒకసారి చెల్లెలు నీళ్ళు చూస్తూ చూస్తూ నడిచి పక్క ఊరి దాకా వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి తాళం పడింది.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు తల్లి ఇంకా పొలంలోనే ఉంది. ఎండన పడి వచ్చి కిటికీ ముందు నిలబడ్డాను. లోపల మనిషి నన్ను కాసేపు చూసి, లేచి వెళ్ళి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఊచల మధ్య నుంచి నాకు అందించింది. తాగేదాకా ఆగి, "ఇంక కావాల్నా?" అని అడిగింది. లోపల బందీగా ఉన్న మనిషి బయట తిరిగే నాకు మర్యాద చేసింది. ఈవిడకు వడ్డన పని చూడాలని నేను అక్కడే అనుకున్నాను.

బస్సులు ఆగే చోట ఒక ఖానావళి ఉంది. ఈ వైపు జొన్న రొట్టె భోజనం పెట్టే హోటల్‌ని అలాగే అంటారు. యజమానురాలు కన్నడ ఆవిడ, క్యాంపు వాళ్ళ మధ్య తిరిగి తెలుగు నేర్చుకుంది. ఆవిడ రొట్టెలకు లింగసుగూరు నుంచి వచ్చే లారీ వాళ్ళు కూడా ఆగుతారు. బతిమాలి, బామాలి ఒప్పించాను. ముందు నేనే బుట్ట పట్టుకుని తిరిగాను. చేతులు కాలాయి, కూర ఒకాయన చొక్కా మీద పడింది. కొత్త కోడలా అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

చెల్లెలికి రొట్టెలు వడ్డించడం త్వరగానే వచ్చింది. రానిది వేరే. వంటింట్లో ప్రతివాళ్ళూ ఆవిడకు పని చెప్పేవాళ్ళు. వంటామె నీళ్ళు తెమ్మనేది, గిన్నెలు తోమే అతను చీపురు పట్టమనేవాడు, తినడానికి వచ్చినవాళ్ళు బీడీలకు పంపేవాళ్ళు. ఎవరు ఏది చెబితే అది చేయడానికి పరుగెత్తేది. బుట్టలో రొట్టెలు చల్లారిపోయేవి. దానికి ఒకటే మందు. "నీకు పని చెప్పేది అమ్మ ఒక్కతే" అని నేర్పాను. అమ్మ అంటే యజమానురాలు. అమ్మ చెప్పిన మాట అమ్మే మార్చాలి. ఇంకెవరు చెప్పినా వినక్కర్లేదు, నేను చెప్పినా సరే. ఇద్దరం ఆటలా సాధన చేశాం. "చీపురు పట్టు" అని నేనంటే, బుట్ట నడుముకు ఆనించుకుని, "నువ్ నాకు పని చెప్పేదానివి కాదక్కా" అనేది. అలా అనడం ఆవిడకు ఎంత ఇష్టమో! పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ కాదని చెప్పి ఉండదు పాపం.

నేను గుమ్మం దాకా జరిగాను. వీధిలోకి కూడా జరిగాను. తాళం చెవి తల్లి కొంగున ఊరికే వేలాడింది.

అప్పుడు దిగాడు పెద్దమనిషి.

ఎరువులు, పురుగుమందుల వ్యాపారం ఆయనది. మా వాడే. మా నాన్నతో పాటు కోస్తా నుంచి వచ్చినవాడు, నేను బాబాయ్ గారూ అని పిలిచే మనిషి. ఈ దేశానికి వరి నేర్పింది మేమేనని కనబడినవాళ్ళందరికీ చెబుతాడు. కానీ మధ్యాహ్నానికి జొన్న రొట్టె లేకపోతే ఆయనకే గడవదు. ఒకరోజు విత్తనాల కంపెనీ వాళ్ళను వెంటబెట్టుకుని ఖానావళికి వచ్చాడు. చెల్లెలు అందరికీ పెట్టినట్టే పెట్టి, అందరితో అన్నట్టే "కడుపు నిండ తిను" అంది. ఆయన యజమానురాలిని బల్ల దగ్గరికి పిలిచాడు. నేను ఆ రోజు గుమ్మం దగ్గరే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను.

"ఏమ్మా, వడ్డించడానికి మనుషులే కరువయ్యారా? ఆ మొహం ఎదురుగా ఉంటే ముద్ద దిగదమ్మా నాకు."

చెల్లెలు పక్కనే బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు ఏం అర్థమవుతుందిలే అనుకున్నాడు. ఆమెకు అర్థం కాదని అనుకునేవాళ్ళకు ఏం అర్థమవుతుందో నాకు ఇన్నేళ్ళుగా అర్థం కాలేదు. యజమానురాలు కంగారుపడి చెల్లెలి వైపు తిరిగి, "ఈ సారుకు నువ్వు పెట్టొద్దు. ఈయన దగ్గరికి పోవద్దు" అంది. చెల్లెలు తల ఊపింది. అమ్మ చెప్పింది, అయిపోయింది.

మర్నాటి నుంచి ఆయన కూర్చున్న బల్ల చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళేది. ఆయన కూర్చునేది హాలు నడిమధ్యన. వడ్డన కుంటుపడింది. యజమానురాలు చెల్లెల్ని వెనక గిన్నెల దగ్గరికి పంపింది. కొన్నాళ్ళకు నాకు కబురొచ్చింది.

"కోపం చేసుకోవద్దు మేడం. ఆ సారు పాత గిరాకీ. జాతర అయినంక చూద్దాం."

చూద్దాం అంటే ఏమిటో ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు తెలుసు. తల్లికి కూడా తెలుసు. నేను వెళ్ళేసరికి తలుపుకు మళ్ళీ తాళం పడి ఉంది. చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఈసారి నీళ్ళు ఇవ్వలేదు. "నేనేం జేసిన అక్కా?" అని ఒక్క మాట అడిగింది.

కోపం అని ఊరికే అంటారు గాని, అది నాకు ఒంట్లో జ్వరంలా వస్తుంది. స్కూటరు తిన్నగా ఎరువుల షాపుకు పోనిచ్చాను. ఆయన నన్ను చూసి కూల్‌డ్రింకు తెప్పించాడు. నేను ముట్టలేదు.

"బాబాయ్ గారూ, మీ ఒక్క మాటకి ఒక మనిషి పని పోయింది" అన్నాను.

"నువ్వు చేసేది మంచి పనే అమ్మాయ్. సేవ చెయ్యి, ఎవడు కాదన్నాడు? నా కంచం దగ్గర మాత్రం వద్దు" అని నవ్వాడు. "అంతగా ఉంటే మఠం జాతరకి తీసుకురా. ఈ ఏడు దాసోహం నాదే. కడుపునిండా తిని పోతుంది."

దాసోహం అంటే మఠంలో జాతరనాడు వచ్చినవాళ్ళందరికీ పెట్టే భోజనం. ఊరూరా ఇంటింటా రొట్టెలు కొట్టి, ట్రాక్టర్ల మీద తెచ్చి పోస్తారు. ధనికుడూ కూలివాడూ ఒకే వరసలో నేల మీద కూర్చోవాలి. ఎవరు వడ్డిస్తే వాళ్ళ చేత తినాలి. వద్దంటే ప్రసాదాన్ని కాదన్నట్టే. వరస అంతటికీ రొట్టె పడి, శివనామం చెప్పేదాకా ఒక్కరూ చెయ్యి కదపకూడదు.

షాపు మెట్లు దిగుతూనే నాకు ఆ ఆలోచన వచ్చింది. అంతకు ముందు దారి పొడుగునా అడ్డమైన ఆలోచనలూ వచ్చాయి. ఆయన బోరు ఎండిపోవాలనుకున్నాను. ఆయన పురుగుమందులో పురుగులు పడ్డాయని ఊరంతా చాటాలనుకున్నాను. వీటన్నిటికంటే ఆయన చేతితో ఆయనే అందించిన ఈ దాసోహం బాగుంది. ఆయన ఖర్చుతో, ఆయన జాతరలో, నలుగురి ముందు, ఆ మొహాన్ని చూస్తూ ఆయన ముద్ద మింగాలి. దిగుతుందో దిగదో నేను దగ్గరుండి చూడాలి.

జాతరనాడు పిలవడానికి వెళ్తే తల్లి ఒప్పుకోలేదు. "వద్దు మేడం. హోటల్ల నలుగురి ముందట అనిపించుకున్నది సాలదా? జాతరల గిట్ల అందరి ముందట బద్నాం అయితె, మల్ల ఎవలు పని ఇస్తరు? ఉన్న ఇజ్జత్ గూడ పోతది" అంది. ఆవిడ భయంలో న్యాయం ఉంది. నేను చెప్పిన సమాధానంలో న్యాయం తక్కువ, పంతం ఎక్కువ. చివరికి చెల్లెలే తేల్చింది. "నేను రొట్టె పెడ్త" అని చీర మార్చుకుని వచ్చి నిలబడింది.

సేవ చేయడానికి వచ్చినవాళ్ళను మఠంలో ఎవరూ ఏమీ అడగరు. కొంగు బిగించి నిలబడితే చేతికి బుట్ట ఇస్తారు. చెల్లెలికి మొదటి వరస ఇచ్చారు, నేనే అక్కడ నిలబెట్టాను కాబట్టి. వరస నడిమధ్యన పెద్దమనిషి కూర్చున్నాడు. దాత కదా, మెడలో శాలువా, నుదుట విభూతి. అటూ ఇటూ ఊరి పెద్దలు. విత్తనాల కంపెనీ వాళ్ళు కూడా వచ్చారు. నేను ఎదురుగా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. సినిమాకు టికెట్టు కొనుక్కుని వచ్చినదాన్లా ఉంది నా పరిస్థితి.

చెల్లెలు వరస మొదలుపెట్టింది. విస్తరిలో రొట్టెలు వేయడం, "కడుపు నిండ తిను" అనడం, జరగడం. ఎక్కడా తొందరపడలేదు. నేను నేర్పిన మనిషి అని నాకు ఒళ్ళు పొంగింది. పెద్దమనిషి ఆమెను చూశాడు. మొహం మాడింది. అయినా చుట్టూ జనం, విస్తరి కాస్త ముందుకు జరిపాడు.

చెల్లెలు ఆయన ముందుకు వచ్చి ఆగింది. ఆయన మొహంలోకి చూసింది. ఒక అడుగు వెనక్కి వేసి, ఆయన విస్తరి చుట్టూ తిరిగి, అవతల కూర్చున్న ఆయనకు రొట్టె పెట్టింది. "కడుపు నిండ తిను" అంది. అలాగే వరస చివరిదాకా వెళ్ళిపోయింది.

ఇది నేను అనుకున్నది కాదు. నిజం చెబుతున్నాను, నాకు తట్టనే లేదు. ఆమెకు మాత్రం అమ్మ చెప్పిన మాట ఉంది. ఆ మాట అమ్మ ఇంకా తీయలేదు.

కూరలు పడ్డాయి, వేరుశనగ చట్నీ పొడి పడింది. పెద్దమనిషి విస్తరిలో రొట్టె మాత్రం లేదు. శివనామం చెప్పాల్సిన మఠం పెద్దాయన వరస చూసి ఆగాడు. రొట్టె పడని విస్తరి ఉంటే వరస మొదలుకాదు. ఒకరి విస్తరిలోది తీసి ఇంకొకరికి పెట్టకూడదు, ఆ వరసకు బుట్ట పట్టినవాళ్ళు తప్ప ఇంకొకరు వడ్డించకూడదు. మఠం పెద్దాయన చెల్లెల్ని పిలిచి, "తంగీ, ఇల్లి హాకవ్వ" అని చూపించాడు. చెల్లీ, ఇక్కడ పెట్టమ్మా అని.

చెల్లెలు తల అడ్డంగా ఊపింది.

"ఏం, ఎందుకు?" ఈసారి తెలుగులో అడిగాడు.

"వద్దన్నరు." ఆమె గొంతు మామూలుగానే పెద్దది. "ఈ సారుకు నా మొఖం సూస్తె ముద్ద దిగదంట. నేను పెట్టొద్దంట. అమ్మ చెప్పింది."

వరస వరసంతా ఆయన వైపు తిరిగింది. విత్తనాల కంపెనీ వాళ్ళు విస్తళ్ళలోకి తలలు దించారు. పెద్దమనిషి విభూతి మీద చెమట పట్టింది. "అబ్బే, అదేం లేదండీ" అని నవ్వబోయి, చెల్లెలితో, "పర్లేదు, పెట్టమ్మా, పెట్టు" అన్నాడు.

చెల్లెలు బుట్ట నడుముకు ఆనించుకుంది. "నువ్ నాకు పని చెప్పేటోనివి కాదు" అంది.

పిల్లలు కూర్చున్న వైపు నుంచి నవ్వు మొదలైంది. అప్పుడు ఆయన నా వైపు చూశాడు. మఠం పెద్దాయన కూడా నా వైపు చూశాడు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని దూరంగా నిలబడి నన్నే చూస్తోంది. నేను వెళ్ళి చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా నచ్చజెబితే పెట్టేదేమో. నా నోరు విప్పబుద్ధి కాలేదు. వరసంతా ఆకలితో ఎదురుచూస్తుంటే, ఆయన ఖాళీ విస్తరి ముందు కూర్చుని ఉండటం నా కళ్ళకు పండగలా ఉంది. ఎంతసేపైనా చూసేదాన్నే.

"ఆమెకు పని చెప్పినవాళ్ళే మాట మార్చాలండీ. నా మాట చెల్లదు" అన్నాను. ఇది నా వృత్తి ధర్మం. ధర్మం, పగ ఒకే దారిన పోవడం జీవితంలో అరుదు.

యజమానురాలు ఎక్కడో లేదు. వెనక పాకలో రొట్టెల దగ్గరే ఉంది, ఆ వ్యవహారం ఏటా ఆవిడదే. పిలుచుకొచ్చారు. చేతులకు జొన్నపిండి, ఏం జరిగిందో తెలియని మొహం. నలుగురూ చెప్పగా విని, ఎర్రబడి, "పెట్టవ్వా, పెట్టు. అందరికీ పెట్టు" అంది.

"ఈ సారుకు గూడనా?"

"ఈ సారుకు కూడా."

చెల్లెలు కదలలేదు. ఆలోచించింది. ఆలోచించేటప్పుడు కింది పెదవి బయటికి వస్తుంది ఆమెకు. "ఇయ్యాలకేనా అమ్మా? రేపు హోటల్ల గూడనా?"

ఇది నేను నేర్పింది కాదు. ఒట్టేసి చెబుతున్నాను. తాళం వెనక కూర్చుని ఆమె దేని గురించి ఆలోచించిందో నాకు అప్పుడు తెలిసింది.

యజమానురాలు పెద్దమనిషిని చూసింది. పెద్దమనిషి విస్తరిని చూశాడు. వరస చివర నుంచి ఎవరో కూలి మనిషి, "హూఁ అన్రీ అమ్మా, హసివాగేతి!" అని అరిచాడు. సరే అనమ్మా, ఆకలేస్తోంది అని. అందరూ నవ్వారు, పెద్దమనిషి తప్ప.

"రేపు కూడా. నా హోటల్ల నువ్వే పెట్టాలి" అంది యజమానురాలు.

చెల్లెలు వెళ్ళి ఆయన విస్తరిలో రొట్టెలు వేసింది. "కడుపు నిండ తిను" అంది, అందరితో అన్నట్టే. శివనామం లేచింది. ఆయన తుంచాడు, నోట్లో పెట్టుకున్నాడు. నేను స్తంభం దగ్గర నుంచి కదలకుండా చూశాను. ముద్ద దిగింది. బాగానే దిగింది. గొంతుకు అడ్డం పడుతుందేమోనని చివరిదాకా ఆశ పెట్టుకున్నాను.

ఆ తర్వాత రెండో వరసలో నేనూ, తల్లీ పక్కపక్కన కూర్చుని తిన్నాం. "గంత మందిల అట్లనే అడిగిందేంది మేడం, నాకు పానం పోయినట్లయింది" అని తల్లి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ తింది. ఇంటికి వెళ్ళాక తాళం తీసి గొర్రెల దొడ్డికి వేసింది.

పెద్దమనిషి కొన్నాళ్ళు ఖానావళి వైపు రాలేదు. బాళగనూరు దాకా వెళ్ళి తింటున్నాడని తెలిసి ఎంత సంతోషించానో. కానీ ఆ రొట్టె ఎక్కడ దొరుకుతుంది? తిరిగి వచ్చాడు. ఇప్పుడు కూడా హాలు మధ్యనే కూర్చుంటాడు, మూలకు పోతే ఓడిపోయినట్టని కాబోలు. బజారులో కనబడితే నన్ను పలకరించబోతాడు. నేను కూరగాయలు ఏరుకుంటాను. మా నాన్న మాట నాకు గుర్తే.

చెల్లెలు మళ్ళీ రొట్టెల బుట్ట పట్టుకుంది. పనిలో ఏ లోటూ లేదు, ఒక్క అలవాటు తప్ప. ఎవరి బల్ల దగ్గరా ఆగదు గాని, ఆయన బల్ల దగ్గరికి రాగానే ఆగుతుంది. బుట్ట నడుముకు ఆనించుకుని, పొయ్యి దగ్గర ఉన్న యజమానురాలికి వినబడేలా గట్టిగా అడుగుతుంది.

"అమ్మా, ఈ సారుకు పెట్టాల్నా?"

హాలంతా తలెత్తుతుంది. కొత్తవాళ్ళు పక్కవాళ్ళను సంగతేమిటని అడుగుతారు, పక్కవాళ్ళు జాతర దగ్గర నుంచి చెబుతారు. అమ్మ లోపలి నుంచి పెట్టమని అరిచేదాకా ఆయన ఖాళీ పళ్ళెం ముందు తల దించుకుని కూర్చుంటాడు. ప్రతి మధ్యాహ్నం ఇదే.

మొన్న యజమానురాలు నన్ను పక్కకు పిలిచి, "మేడం, ఆ అడిగేది ఒక్కటి మాన్పించండి. ఆ సారు మొఖం చూడలేకపోతున్న" అంది. మాన్పించడం కష్టమేమీ కాదు. పక్కన కూర్చుని ఓపిగ్గా చెబితే ఒక్క పూటలో మానేస్తుంది. అలాంటివి నేర్పడమే నా ఉద్యోగం.

"చూద్దాం" అన్నాను.